తప్పిపోయిన కుమారుడి కథ ఎప్పుడూ నాకే ఎందుకు చెప్తారు?

పెద్దోడు_మౌనం
ముందే చెప్తున్నా, నాకు కోపం బైబిల్ వాక్యం మీద కాదు, దాన్ని నా మీద వాడుతున్న తీరు మీద. మా తమ్ముడు తన వాటా ఎప్పుడో తీసుకుని వ్యాపారం పెట్టాడు, పోయింది. తర్వాత నా దగ్గర అప్పు తీసుకున్నాడు, అదీ పోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఫోన్ కూడా ఎత్తలేదు. అమ్మానాన్నల ఆస్పత్రి పనులు, మందులు, రాత్రిళ్ళు మేలుకోవడం అన్నీ నేనూ మా ఆవిడా చూసుకున్నాం. ఇప్పుడు వాడు తిరిగొచ్చాడు. వచ్చినందుకు సంతోషమే, నేనేమీ తలుపు వేయలేదు. కానీ మిగిలిన ఇంట్లో సగం వాడికి రాయాలట. "అదెలా కుదురుతుంది" అన్నానో లేదో, చుట్టాలు, సంఘం పెద్దలు అందరిదీ ఒకటే పాట: "పెద్దకొడుకులా ఉండకు నాయనా, లూకా 15 చదువుకో."

చదివాను. బైబిల్లో లూకా సువార్తలో యేసు చెప్పిన కథ అది: చిన్నకొడుకు తన వాటా తీసుకుపోయి అంతా పోగొట్టి తిరిగొస్తే తండ్రి క్రొవ్విన దూడని కోసి విందు చేస్తాడు, ఇంట్లోనే ఉండి పనిచేసిన పెద్దకొడుకు అలుగుతాడు. చదివేకొద్దీ ఆ పెద్దకొడుకు అడిగినదాంట్లో తప్పేముందో అర్థం కావట్లేదు. నాతో నిజాయితీగా వాదించేవాళ్ళు రాయండి. "ప్రార్థన చేసుకోండి బ్రదర్" అని మాత్రం రాయొద్దు.

ఆవగింజ
ప్రార్థన చేసుకోండి బ్రదర్.

ఆవగింజ
సారీ, ఆపుకోలేకపోయాను. ఇప్పుడు సీరియస్‌గా: మీకు ఆ కథ చెప్తున్నవాళ్ళలో ఎంతమంది మీ నాన్నగారిని ఒక్క రాత్రైనా చూసుకున్నారు?

లెక్కలమాస్టారు
భావోద్వేగాలు తర్వాత, ముందు ఆస్తి లెక్క. 12వ వచనంలో పంపకం ఇద్దరు కొడుకులకీ ఒకేసారి జరిగిపోయింది. ద్వితీయోపదేశకాండం 21:17 ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్ళు. ఇద్దరే కొడుకులు కాబట్టి పెద్దవాడికి మూడింట రెండు, చిన్నవాడికి మూడింట ఒకటి. చిన్నవాడు తనది సొమ్ము చేసుకుని దూరదేశం పోయాడు, అంతా ఊదేశాడు. తిరిగొచ్చాక తండ్రి ఇచ్చినవి ఏమిటి? వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు. మళ్ళీ పంపకం పెట్టినట్టు ఎక్కడా లేదు. పైగా 31వ వచనంలో పెద్దకొడుకుతో "నావన్నియు నీవి" అంటాడు. ఈ కథ చూపించి మిగిలింది మళ్ళీ పంచమనేవాళ్ళు అధ్యాయం చివరిదాకా చదవలేదు.

సుంకరి
మాస్టారూ, లెక్క బాగుంది. మరి ఆ క్రొవ్విన దూడ ఎవరి వాటాలోది?

లెక్కలమాస్టారు
పెద్దోడిదే! వాడికి కాలిందే అక్కడ. కాకపోతే ఇంట్లో ఇంకా తండ్రి మాటే చెల్లుతోంది, పనివాళ్ళకి ఆజ్ఞలిచ్చేది ఆయనే.

సుంకరి
అంటే క్షమించేది ఒకరు, ఖర్చు ఇంకొకరిది. కాబట్టి పెద్దోడు_మౌనం గారి బాధ ఊహ కాదు, కథలోనే ఉంది.

సండేస్కూల్_టీచరమ్మ
ఇది పిల్లలకి చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల "పాపం అన్న" అంటుంది. కాబట్టి పెద్దోడు_మౌనం గారూ, మీరు ఒంటరి కాదు.

కానీ ఆ అధ్యాయం మొదటి రెండు వచనాలు వదిలేస్తే కథ తిరగబడుతుంది. సుంకరులతో (పన్ను వసూలు చేసేవాళ్ళతో), పాపులతో యేసు కలిసి భోంచేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు అనే మతపెద్దలు సణుగుతున్నారు. ఆ సణుగుడికి జవాబుగా వరసగా మూడు కథలు: నూరు గొర్రెల్లో ఒకటి, పది నాణేల్లో ఒకటి, ఇద్దరు కొడుకుల్లో ఒకడు. మొదటి రెండింటిలో ఎవరో ఒకరు వెతకడానికి వెళ్తారు. మూడోదాంట్లో ఎవరూ వెళ్ళరు. అన్న వెళ్ళి ఉండొచ్చు కదా అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే, వాక్యంలో లేదు.

ఇంకో సంగతి. చిన్నోడు డబ్బు ఎలా తగలేశాడో కథకుడు పెద్దగా చెప్పడు, దుర్వ్యాపారం అని ఊరుకుంటాడు. వేశ్యల సంగతి ఎత్తేది అన్న. పొలంలో ఉన్నవాడికి దూరదేశం కబురు ఎవరు చెప్పారో మరి! కోపంలో ఉన్నప్పుడు ఖాళీలన్నీ మనమే నింపేస్తాం.

అన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇది. తండ్రి రెండుసార్లు ఇంట్లోంచి బయటికి వస్తాడు, చిన్నోడి కోసం ఒకసారి, అలిగిన పెద్దోడి కోసం ఒకసారి. ఆ బతిమాలే మాటలు తండ్రి నోటివి. పనివాళ్ళో పక్కింటివాళ్ళో వచ్చి పెద్దోడికి నీతి చెప్పలేదు. మీకు చెప్పేవాళ్ళు ఆ తండ్రి స్థానంలో నిలబడాలంటే ముందు బయటికొచ్చి మీ పక్కన నిలబడాలి.

అయితే మిమ్మల్నీ ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. పెద్దోడి ఫిర్యాదు దూడ గురించి కాదు. "నాకు ఒక మేకపిల్లనైనా ఇయ్యలేదు" అంటాడు. మీ బాధ నిజంగా ఇంటి గురించేనా, మేకపిల్ల గురించా?

పెద్దోడు_మౌనం
టీచరమ్మ గారూ, మేకపిల్ల మాట నిజమే. ఇన్నేళ్ళలో "నువ్వు చూసుకున్నావురా" అని ఒక్కరూ అనలేదు. వాడు గుమ్మంలో అడుగు పెట్టగానే ఇల్లంతా పండగ. కానీ ఆ మాట అన్నంత మాత్రాన ఇల్లు రాసిచ్చేస్తానని కాదు.

రాత్రిబండి
చిన్నోడు పందుల దగ్గర కూర్చుని స్పీచ్ మొత్తం రిహార్సల్ చేసుకుంటాడు, "నన్ను కూలివాడిగా పెట్టుకో" దగ్గరికి వచ్చేలోపు తండ్రి మధ్యలోనే కట్ చేసేస్తాడు. మీటింగుల్లో మా మేనేజర్ కూడా నన్ను ఇలాగే కట్ చేస్తాడు. కౌగిలింత, ఉంగరం మాత్రం ఉండవు.

తిరిగొచ్చినవాణ్ణి
నేను అటువైపు మనిషిని. మా అక్క డబ్బు పోగొట్టి, ముఖం చెల్లక చాలాకాలం కనిపించకుండా పోయి, మళ్ళీ ఇంటికొచ్చినవాణ్ణి. అక్క లోపలికి రమ్మంది. కబుర్లు చెప్పింది. కానీ అప్పు సంగతి తేలిగ్గా వదల్లేదు, నెలనెలా కొంత కట్టమంది. అప్పట్లో రాక్షసి అనుకున్నా. ఇప్పుడు చెప్తున్నా, అప్పు మాఫీ చేసి ఉంటే నేను తలెత్తి ఆ ఇంట్లో కూర్చోగలిగేవాణ్ణి కాదు.

పెద్దోడు_మౌనం గారూ, మీ తమ్ముడు ఏమడుగుతూ వచ్చాడు? కథలో చిన్నోడు వాటా అడుగుతూ రాలేదు, కూలి అడుగుతూ వచ్చాడు. నాకైతే తేడా అక్కడే కనిపిస్తుంది.

గురుగులు_గోధుమలు
ఇది ఒప్పుకోను. రాత్రిబండి చెప్పింది జోకే అయినా పాయింట్ అదే. ఆ కూలి మాట వాడి నోట్లోంచి బయటికి రాకముందే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు. అంతకుముందే, వాడు ఇంకా దూరంగా ఉండగానే పరిగెత్తుకెళ్ళి ముద్దుపెట్టుకున్నాడు. అంటే పశ్చాత్తాపం ఎంతుందో కొలిచి ఇచ్చింది కాదు. మీ అక్క చేసింది మంచిదే కావచ్చు, కానీ ఈ తండ్రి చేసింది మాత్రం అది కాదు.

తిరిగొచ్చినవాణ్ణి
నిజమే. నాకు తండ్రి దొరకలేదు, అక్క దొరికింది.

జీతంరాళ్ళు
పక్కదారి పట్టిస్తున్నానేమో, కానీ ఇలాంటిదే నా ఆఫీసు గోల. నాకంటే చాలా తర్వాత చేరినవాడికి నాతో సమానంగా జీతం. అడిగితే మా బాస్ నవ్వుతూ ద్రాక్షతోట కథ చెప్పాడు. "కడపటివారు మొదటివారగుదురు, బైబిల్లో లేదూ?" అని. ఆయనకి బైబిల్లో గుర్తున్నది ఆ ఒక్క వాక్యమే అనుకుంటా.

లెక్కలమాస్టారు
మత్తయి 20. బాస్‌కి మిగతాది కూడా చదివి పెట్టండి. ఆ యజమాని పొద్దున్నే వెళ్ళాడు, మూడో గంటకి, ఆరో గంటకి, తొమ్మిదో గంటకి, చివరికి పదకొండో గంటకి (అంటే సాయంత్రం అయిదింటికి) కూడా వెళ్ళాడు. అయిదుసార్లు తనే స్వయంగా బజారుకి వెళ్ళి, ఖాళీగా నిలబడ్డవాళ్ళని పనిలోకి తీసుకున్నాడు. ఎందుకు ఊరికే నిలబడ్డారంటే, ఎవరూ కూలికి పిలవలేదు అన్నారు. ఆ రోజుల్లో దేనారం అంటే ఒక రోజు కూలి. అది అందకపోతే ఆ కుటుంబానికి ఆ రాత్రి గడవడమే కష్టం. అందుకే చివర్లో వచ్చినవాళ్ళకి కూడా పొద్దున్నుంచి చేసినవాళ్ళతో సమానంగా దేనారం ఇచ్చాడు. పైగా అదే సాయంత్రం చెల్లించాడు. సూర్యుడు అస్తమించేలోపు కూలి ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24:15 చెప్తుంది.

మీ బాస్ అయిదుసార్లు వెళ్ళి నిరుద్యోగుల్ని వెతుకుతున్నాడా? జీతం ఆలస్యం కాకుండా ఇస్తున్నాడా?

జీతంరాళ్ళు
జీతం ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలీదు, దేవుడికే తెలుసు.

సుంకరి
అయితే ఆయనకి యాకోబు 5:4 స్టేటస్ పెట్టండి. బిగబట్టిన కూలి మొరపెడుతోందని ఉంటుంది.

పదకొండోగంట
నా పేరు చూసే ఉంటారు. చివర్లో చేరిన బ్యాచ్ నాదే. జీతంరాళ్ళు గారూ, మీకు రావలసింది మీకు తగ్గిందా, లేక పక్కవాడికి ఎక్కువ రావడం చూసి మీది తగ్గినట్టు అనిపిస్తోందా? పొద్దున్నుంచి పనిచేసినవాళ్ళకి ఒప్పుకున్న దేనారం పూర్తిగా ఇచ్చారు కదా.

జీతంరాళ్ళు
చేరేటప్పుడు ఏటా పెంచుతామన్నారు, పెంచలేదు. కాబట్టి తగ్గింది. ఒప్పందం తప్పింది ఆయన, నేను కాదు.

పదకొండోగంట
అయితే మీది వేరే కేసు. మీరు గొడవ పెట్టుకోండి.

నమ్మకంలేనివాడు
బయటివాడి మాటగా తీసుకోండి. ఉపమానాల్లో ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకుంటున్నారు. బాస్ ఒక ముక్క, ఉద్యోగి ఇంకో ముక్క, చుట్టాలు మూడో ముక్క. అలాంటప్పుడు వీటివల్ల రోజువారీ జీవితంలో ఉపయోగం ఏముంది?

సండేస్కూల్_టీచరమ్మ
న్యాయమైన ప్రశ్న. ఈ ఏరుకోవడం కొత్తది కూడా కాదు. మంచి సమరయుడి కథ ఉంది కదా, యెరూషలేము నుంచి యెరికోకి పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, దేవాలయ సేవకుడైన లేవీయుడు చూసీ దాటిపోతే, పరాయివాడైన సమరయుడు ఆగి సత్రానికి చేర్చి రెండు దేనారాలు ఇచ్చిన కథ. అందులో సత్రం అంటే సంఘమనీ, సత్రపువాడు అంటే పౌలనీ, రెండు దేనారాలు అంటే రెండు ఆజ్ఞలనీ తొలికాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ వివరించాడు. 1888లో అడాల్ఫ్ యూలిఖర్ అనే జర్మన్ పండితుడు దీనికి అడ్డం తిరిగి, ఇలా ప్రతి వస్తువుకీ అర్థం అతికించడం తప్పు, ఒక్కో ఉపమానానికి ఒక్కటే ముఖ్యమైన పాయింటు అన్నాడు. ఆయన మరీ అటు పోయాడని తర్వాతివాళ్ళు ఆయన్నీ విమర్శించారు.

నా పద్ధతి ఒకటి ఉంది. ఎవరి ప్రశ్నకి జవాబుగా ఆ కథ వచ్చిందో చూస్తాను, ఆ అడిగినవాడి కుర్చీలో నన్ను కూర్చోబెట్టుకుంటాను. సమరయుడి కథ అడిగింది ధర్మశాస్త్రోపదేశకుడు, "నా పొరుగువాడెవడు?" అని. కథ అయ్యేసరికి ప్రశ్న తిరిగి ఆయన మీదికే వస్తుంది: ఆ ముగ్గురిలో పొరుగువాడు అయినది ఎవరు? సాయం చెయ్యాల్సినవాళ్ళ జాబితా అడిగితే, నువ్వెలాంటివాడివి అని ఎదురు అడిగినట్టు. వేరేవాడికి వినిపించడానికి నేను తీసిన ఉపమానం ఏదీ ఇంతవరకు పనిచెయ్యలేదు. నాకు తగిలినవే పనిచేశాయి.

నమ్మకంలేనివాడు
మంచి కొలమానమే. అయితే ఒకటి నేనూ కలుపుతా. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ కథ మీదే ఒక ప్రయోగం ప్రచురించారు. ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీ విద్యార్థుల్ని ఇంకో భవనానికి వెళ్ళి మాట్లాడమన్నారు. కొందరు మాట్లాడాల్సిన అంశం మంచి సమరయుడి కథే. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ ఉంటాడు. తొందర లేనివాళ్ళలో 63 శాతం ఆగారు. "ఆలస్యమైపోయింది, పరిగెత్తు" అని పంపినవాళ్ళలో 10 శాతం. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు.

ఆవగింజ
అంటే సమరయుడి మీద ప్రసంగం చెప్పడానికి పరిగెత్తుతూ పడి ఉన్నవాణ్ణి దాటుకుని పోయారా!! ఆదివారం ఆరాధనకి లేటయిపోయి దారిలో నేను చేసే పనులు గుర్తొచ్చాయి, వద్దులెండి.

గురుగులు_గోధుమలు
యాజకుడూ లేవీయుడూ శవాన్ని ముట్టుకుంటే మైలపడతారని భయపడి వెళ్ళిపోయారని తరచూ చెప్తారు. కానీ యాజకుడు ఆ దారిలో దిగి వెళ్తున్నాడని రాసి ఉంది. దేవాలయం ఉన్న యెరూషలేము కొండమీద ఉంది, యెరికో సముద్రమట్టం కంటే కిందే. దిగుతున్నాడంటే దేవాలయం వెనక ఉంది, ముందు లేదు. అక్కడ సేవకి ఆలస్యం అవుతుందన్న సాకు కూడా లేదు. ఎందుకు వెళ్ళిపోయాడో కథ చెప్పదు. నాకు అందులో సగం భయం మైల గురించి కాదు, దొంగలు ఇంకా అక్కడే ఉన్నారేమో అన్న భయం అనిపిస్తుంది. ఆ భయం నాకు బాగా అర్థమవుతుంది.

వానచినుకు
ఉపమానాలు సరే, ధన్యతల (ఫలానావాళ్ళు ధన్యులు అని యేసు చెప్పిన మాటల) సంగతి? "సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు" అని చిన్నప్పట్నుంచి విని విని, ఎవరేమన్నా నోరు మూసుకోవడం అలవాటైపోయింది. అత్తగారింట్లో, ఆఫీసులో అన్నిచోట్లా. భూలోకం స్వతంత్రించుకోవడం తర్వాత సంగతి, నా మాటకి విలువే లేదు.

సండేస్కూల్_టీచరమ్మ
వానచినుకు గారూ, సంఖ్యాకాండం 12:3లో భూమ్మీద అందరికంటే సాత్వికుడు అని పేరు తెచ్చుకున్నది ఎవరో తెలుసా? మోషే. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడి "నా ప్రజల్ని పోనివ్వు" అని మళ్ళీ మళ్ళీ అడిగినవాడు. "నేను సాత్వికుడను" అన్న యేసు దేవాలయంలో బల్లలు పడదోశాడు. నోరు మూసుకోమని ధన్యతల్లో ఎక్కడా లేదు. మీ నోరు మూయించినవాళ్ళకి ఆ వచనం బాగా పనికొచ్చింది, అంతే.

వానచినుకు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

సుంకరి
ఎలా చెప్తారు? లూకా 6లో నాలుగు ధన్యతల వెనకే ధనవంతులకి, కడుపు నిండినవాళ్ళకి, నవ్వేవాళ్ళకి, అందరూ పొగిడేవాళ్ళకి నాలుగు "అయ్యో"లు ఉన్నాయి. వాటిని ఎవరైనా స్టేటస్ పెట్టగా చూశారా?

తోడు_లేని_ఇల్లు
నాకూ ఒక వచనంతో గొడవ ఉంది. మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళు "దుఃఖపడువారు ధన్యులు" అన్నారు. ఒకావిడ అయితే నవ్వుతూ అంది. ఆ మాట అబద్ధమని కాదు. ఆ రోజు నాకు అది చెంపదెబ్బలా తగిలింది. ఏమీ మాట్లాడకుండా గిన్నెలు కడిగి వెళ్ళిపోయిన ఒకామె ఉంది, ఆమె ఇప్పటికీ గుర్తు.

గురుగులు_గోధుమలు
బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదట్లో మంచిపనే చేశారు. ఏడు రోజులు ఆయనతో నేలమీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు (యోబు 2:13). నోరు తెరిచాకే చెడిపోయారు.

పెద్దోడు_మౌనం
అన్నీ చదువుతున్నా. ఇవాళ మా పెదనాన్న ఇంకో బాణం వేశాడు, మత్తయి 18. పదివేల తలాంతులు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి పీక పట్టుకున్నాడు కదా, నువ్వూ అంతేనా అని. దీనికేం చెప్పాలి మాస్టారూ?

లెక్కలమాస్టారు
ఇది గట్టి బాణమే, తప్పించుకోవడం కష్టం. తలాంతు అంటే దాదాపు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఏ దాసుడూ తీర్చలేడు. నూరు దేనారాలు దాంట్లో ఆరు లక్షల వంతు. కానీ గమనించండి, నూరు దేనారాలంటే మూడు నెలలు దాటిన కూలి. అంటే మీకు జరిగిన నష్టం నష్టమే, కథ దాన్ని చిల్లర అనట్లేదు. వాడు పీక పట్టుకోవడాన్ని, జైల్లో వేయించడాన్ని తప్పు పడుతోంది.

ఇక పెదనాన్నగారికి అదే అధ్యాయం 15వ వచనం చూపించండి. నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వు వెళ్ళి, మీరిద్దరే ఉన్నప్పుడు, అతని తప్పు అతనికి చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మీ ఇంట్లో వరస తలకిందులైంది, సంఘం ముందు మాట్లాడుతోంది, మీరిద్దరూ ఇంకా మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నారా?

పెద్దోడు_మౌనం
లేదు. వాడొచ్చాక మేమిద్దరమే కూర్చుని మాట్లాడుకున్నదే లేదు. ఇల్లు అడిగింది కూడా వాడు కాదు, వాడి తరఫున చుట్టాలు.

తిరిగొచ్చినవాణ్ణి
ఓహో. అయితే వాడు అసలు అడిగాడో లేదో మీకు తెలీదన్నమాట!

పెద్దోడు_మౌనం
... అవును.

పెద్దకోడలు
అందరూ తమ్ముడితో మాట్లాడమంటున్నారు, సరే. పెద్దోడు_మౌనం గారి ఆవిడని ఎవరైనా అడిగారా? ఆ మందులు, ఆ రాత్రిళ్ళు ఆవిడవి కూడా. కథలో పెద్దకొడుకు భార్య లేదు కాబట్టి ఆవిడ బాధ లెక్కలోకి రాదా? నేనైతే దీపాలు పట్టుకుని పెండ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల కథ తీస్తాను, అందులో అయిదుగురు బుద్ధిలేనివాళ్ళు నూనె తెచ్చుకోకుండా వచ్చి అడుగుతారు. బుద్ధిగలవాళ్ళు "మాకూ మీకూ చాలదేమో, వెళ్ళి కొనుక్కోండి" అని నూనె ఇవ్వలేదు. ఎవరూ వాళ్ళని తిట్టలేదు, పెండ్లివిందుకి లోపలికి వెళ్ళారు.

గురుగులు_గోధుమలు
అక్కా, ఆ కథ సిద్ధంగా ఉండటం గురించి. ఆస్తి ఇవ్వకపోవడానికి దాన్ని వాడితే మనమూ జీతంరాళ్ళు గారి బాస్ లాగే అవుతాం.

పెద్దకోడలు
అవ్వనివ్వండి. ఇన్నేళ్ళూ వాళ్ళు వాడారు, ఒక్కసారి నేను వాడతాను.

పెద్దోడు_మౌనం
పెద్దకోడలు గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. "ఆవిడ నంబర్ దొరుకుతుందా" అంది. సరే, నేను అనుకుంటున్నది ఇది. ముందు తమ్ముడితో ఒక్కడితో మాట్లాడతా. ఇల్లు అమ్మానాన్నలది, వాళ్ళు బతికుండగా దాని ఊసు నేను ఎత్తను, చుట్టాలనీ ఎత్తనివ్వను. నా అప్పు సంగతి వేరు, అది వాడితోనే తేల్చుకుంటా. తిరిగొచ్చినవాణ్ణి గారూ, మీ అక్క నెలనెలా కట్టమన్నప్పుడు కాయితం రాయించుకుందా?

తిరిగొచ్చినవాణ్ణి
రాయించుకుంది. ఒకసారి ఆలస్యమైతే గుర్తు చేసింది కూడా.

సుంకరి
అప్పు కాయితాలంటే గుర్తొచ్చింది. లూకా 16లో ఉద్యోగం పోబోతున్న గృహనిర్వాహకుడు యజమాని బాకీదారుల్ని పిలిచి నూరు మణుగుల నూనెని యాభైగా, నూరు తూముల గోధుమల్ని ఎనభైగా మార్చి రాయించేస్తాడు. యజమాని వాణ్ణి మెచ్చుకుంటాడు! దీన్ని రోజువారీ జీవితానికి ఎలా అన్వయించాలో ఎవరైనా చెప్పండి, నాకు ఎప్పట్నుంచో ఇది మింగుడుపడదు.

లెక్కలమాస్టారు
8వ వచనం. మెచ్చుకున్నది మోసాన్ని కాదు, ముందుచూపుని.

జీతంరాళ్ళు
నష్టపోయినవాడు కూర్చుని ముందుచూపుని మెచ్చుకోవడం ఏ ఆఫీసులో చూశారు మాస్టారూ?

లెక్కలమాస్టారు
ఎక్కడా చూడలేదు. ఈ కథ మీద ప్రసంగం చెప్పమంటే మా పాస్టర్ గారికి ప్రతిసారీ గొంతు నొప్పి వస్తుంది.